ఇరువురు జ్ఞాతులు: లైకెనుల రక్షణను గూర్చి యొక మాట

తొమ్మిదవ తరగతి పిల్లలకు శిలీంధ్రములను గూర్చి పాఠము చెప్పుచున్న దినమున ఒక బాలిక తన యింటి మసాలా డబ్బానుండి చిటికెడు రాతిపువ్వును కాగితములో చుట్టి తెచ్చి నా బల్లపై నుంచెను. “ఇది పువ్వు కాదని మా నాయనమ్మ చెప్పినదండి. ఆకును కాదట. మఱి యేమిటి మాస్టరుగారూ?” అని యడిగెను. నేను పాఠము నాపి భూతద్దము తెప్పించితిని. ఆ చిటికెడులోనే రెండు రకములు కనబడెను. ఒకదాని యంచులయందు పిండి చల్లినట్లు పొడి యుండెను. రెండవదానికి పొడి లేదు గాని పైభాగమంతయు సన్నని మొలకలతో గరుకుగ నుండెను. రెండును పార్మోట్రీమా అను ఒకే ప్రజాతిలోనివే. అంగడివాడు రెంటిని ఒకే గోనెలో నుంచి ఒకే ధరకు అమ్మును. పులావు వండువారికి రెంటి ప్రయోజనమును ఒకటే. వారిని తప్పుపట్టవలసిన పని లేదు.

అయినను దగ్గఱి చుట్టములైన రెండు జాతులను ఒకే గోనెలో కట్టుట అన్నిచోట్లను క్షేమము కాదని చెప్పుటకే యీ వ్యాసము. ఇందులకు కెనడా దేశపు తూర్పుతీరమునందలి రెండు లైకెనులను ఉదాహరణముగ తీసికొనుచున్నాను. ఏలయనగా, లైకెనులను ఒక్కొక్కటిగ లెక్కించి, వాని బ్రదుకును చావును కాగితముపై నెక్కించి, వానికొఱకు చెట్లు నఱకుట మానవలెనా వలదా యని బహిరంగముగ వాదించుకొనుచున్న చోట్లలో అది యొకటి. దూరదేశపు సంగతి మనకేల యని చదువరులు విసుగుకొనకుందురు గాక. రాతిపువ్వును ఎవరును సాగుచేయుట లేదు. అదియు అడవి సొత్తే. దానినిగూర్చియు నొకనాడు ఇట్టి వాదమే మన గుమ్మము తట్టవచ్చును.

ముందుగా లైకెను అనగా నేమో చిన్నపిల్లల కొఱకు రెండు మాటలు చెప్పెదను. లైకెను ఒక ప్రాణి కాదు, ఒక కాపురము. శిలీంధ్రము గోడలు కట్టి తడి నిలుపును. దానిలోపల నివసించు పచ్చని శైవలము గాని, నీలహరిత సూక్ష్మజీవి గాని యెండ సాయముతో ఆహారము సిద్ధపఱచును. నీలహరితజీవి యైనచో గాలిలోని నత్రజనిని సహితము పట్టి యింటికి తెచ్చును. 1860వ దశకము చివర స్విట్జర్లండు దేశీయుడైన సైమన్ ష్వెండెనర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మాట చెప్పినపుడు, లైకెనుల పరిశీలనయందే జీవితము గడపిన పండితులలో పలువురు దానిని అంగీకరింపరైరి. ఒక్కటి యని తాము పేరుపెట్టి పెంచుకొన్న దానిని రెండని యొప్పుకొనుట పండితులకైనను కష్టమే. తుదకు ఆయన మాటయే నిలిచెను.

ఇక మన జ్ఞాతులు. ఇద్దఱి యింటిపేరును ఎరియోడెర్మా. గ్రీకు భాషలో దీనికి ఉన్నిచర్మ మని యర్థము. పైభాగమున సన్నని నూగు దట్టముగ నుండుటచేత ఆ పేరు తగియున్నది. మొదటిది ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్. అక్కడివారు వాడుకలో దీనిని ఉత్తరదేశపు కంబళి లైకెను అను నర్థము వచ్చునట్లు పిలుతురు. రెండవది ఎరియోడెర్మా మొల్లిస్సిమమ్, అనగా మిక్కిలి మెత్తనిది. దీని వాడుకపేరు ఎలుకచెవులు. (మన పొలముగట్లపై దొరకు ఎలుకచెవికూరకును దీనికిని ఎట్టి సంబంధమును లేదు. పేర్లు పెట్టువారి యూహ రెండు దేశములలోను ఒకే త్రోవ పట్టినది, అంతియే.) రెండును చెట్టు బెరడుపై పెరుగు ఆకువంటి లైకెనులు. రెండింటి కాపురములోను రెండవ భాగస్వామి నీలహరితజీవియే. ఎండినపుడు బూడిద గోధుమ కలిసిన రంగు. అంచులు పైకి మడతపడి అడుగునందలి తెలుపు కనబడుచుండును. తడిసిన మొదటిదానికి నీలిచాయ వచ్చును. కొన్ని అంగుళముల వెడల్పునకు మించి పెరుగుట అరుదు. అడవిలో నడచిపోవు మనుష్యునికి రెండును చెట్టుకు అంటుకొన్న పాతగుడ్డపేలికలవలె తోచును.

వీని భేదము సంతానమును కను విధమునందున్నది. దీనినిగూర్చి కొంచెము నిదానముగ చెప్పవలెను. నా వాదమంతయు దీనిపైననే నిలిచియున్నది.

ఎలుకచెవుల యంచులయందును పైభాగమునను పొడివంటి రేణువులు పుట్టును. ప్రతి రేణువులోను శిలీంధ్రపు పోగులును, వానితో పెనవేసికొన్న నీలహరితజీవియు రెండును ఉండును. అనగా ఈ జాతి ఎక్కడికి పోయినను దంపతులతో కూడియే ప్రయాణము చేయును. దిగినచోట బెరడు తడిగను గాలి శుభ్రముగను ఉన్నచో వెంటనే కాపురము పెట్టవచ్చును. అయితే రేణువు బరువు. అది తఱచుగ ప్రక్కకొమ్మ వఱకో, ప్రక్కచెట్టు వఱకో పోయి ఆగును.

కంబళి లైకెనుకు ఈ పొడి లేదు. దానిపై ఎఱుపు గోధుమరంగు గల చిన్నచిన్న గిన్నెలు పుట్టి, వానినుండి సిద్ధబీజములు గాలిలోనికి ఎగురును. సిద్ధబీజము తేలికైనది, దూరము పోగలదు. కాని అది ఒంటరి. అందులో శిలీంధ్రము మాత్రమే యున్నది. పోయినచోట తనకు తగిన నీలహరితజీవిని వెదకి పట్టుకొననిచో దానికి బ్రదుకు లేదు. ఆ కలయిక యెక్కడ జరుగునో పరిశీలించినవారు చెప్పిన మాట విచిత్రముగ నున్నది. అక్కడి ఫర్ చెట్ల బెరడుపై ఫ్రల్లేనియా అను నాచువంటి మిక్కిలి చిన్నమొక్క ప్రాకును. దాని యాకుల క్రింద నీరు నిలుపు చిన్నచిన్న సంచులుండును. నీలహరితజీవి ఆ సంచులలో బసచేయును. గాలికి కొట్టుకొనివచ్చిన సిద్ధబీజము అచ్చటనే దానిని కలిసికొనునని తలచుచున్నారు. కనుక ఈ లైకెను బ్రదుకవలెనన్న చెట్టొకటి చాలదు. చెట్టుపై సత్రము తెఱచియుండవలెను. సత్రములో తగిన సంబంధము సిద్ధముగ నుండవలెను.

ఈ భేదమును మనస్సున నుంచుకొని పట్టికల సంగతి చూతము.

2002లో, అపాయమునందున్న జీవులను నిర్ణయించు కెనడా దేశపు సంఘమువారు కంబళి లైకెనును పరిశీలించిరి. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్విక్ ప్రాంతముల సమూహమును వినాశాపాయమునందున్నదని వ్రాసిరి. సముద్రపుపాయకు ఆవలనున్న న్యూఫౌండ్లండు ద్వీపపు సమూహమును మాత్రము ప్రత్యేకముగ కనిపెట్టియుండవలసినదని తక్కువ మాటతో సరిపుచ్చిరి. ఒకే జాతి, ఒకే దేశము, రెండు మాటలు. కారణము స్పష్టము. నోవా స్కోషియా తీరమున ఇరువది సంవత్సరములలో ఆ లైకెను నూటికి తొంబదిపాళ్లకంటె ఎక్కువగ నశించెను. న్యూఫౌండ్లండులో వేలకొలది మిగిలియుండెను. మఱుసటి సంవత్సరము, 2003లో, ప్రకృతి సంరక్షణకై పనిచేయు అంతర్జాతీయ సంఘమువారు తమ ఎఱ్ఱపట్టికలో మొట్టమొదటి సారిగ లైకెనులను చేర్చినపుడు, ఆ రెండింటిలో నొకటి ఈ కంబళి లైకెనే. దానికి అత్యంత అపాయస్థితి యను కడపటి మెట్టు ఇచ్చిరి. స్వీడను దేశమున అది అప్పటికే మాసిపోయియుండెను.

ఎలుకచెవులకు 2009లో కెనడా సంఘమువారు వినాశాపాయ మను మాట వ్రాసిరి. కాని దాని స్థితి వేఱు. లోకమునంతటిని చూచిన అది దరిద్రమైన జాతి కాదు. ఉష్ణమండలపు అమెరికా దేశముల పర్వతములపై మేఘము క్రమ్ము అడవులలో అది యున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములందలి గ్రేట్ స్మోకీ పర్వతములలోను, అట్లాంటిక్ సముద్రమందలి అజోర్సు ద్వీపములలోను ఉన్నది. కెనడాలోనిది ఆ పెద్దవంశపు ఉత్తరపు కొస మాత్రమే.

ఇప్పుడు చూడుడు. ఒకటి లోకమునందే అరుదనుకొన్నది, ఒక ద్వీపమున మాత్రము ఎక్కువగ నున్నది. రెండవది లోకమున పలుచోట్ల నున్నది, ఆ తీరమున మాత్రము ప్రాణము పిడికిట పెట్టుకొని యున్నది. నోవా స్కోషియా అడవిలో రెండును చేరువచెట్లపై నుండవచ్చును. రెండింటి పేర్ల ప్రక్కను పట్టికలో అదే మాట. ఆ మాట అబద్ధము కాదు. కాని ఆ మాటను చదివి రెండింటి రోగమును మందును ఒకటే యనుకొన్నవాడు మోసపోవును.

కథ ఇంతటితో ఆగలేదు. 2007లో అలాస్కా దేశమందలి డెనాలి జాతీయవనములో కంబళి లైకెను బయలుపడెను. అచ్చట అది స్ప్రూస్ చెట్లపై విస్తారముగ నున్నది. ఇప్పటివఱకు తెలిసిన సమూహములలో అంత పెద్దది మఱొకటి లేదు. తరువాత రష్యా దేశపు తూర్పుకొనయైన కంచట్కాలోను దొరికెను.

నేను ఈ సంగతి తరగతిలో చెప్పగానే వెనుకబల్లపై కూర్చున్న బాలుడొకడు లేచి, “అలాస్కాలో అంత యుండగా నోవా స్కోషియావారు చెట్లు నఱకుట మానుకొనుట దేనికండి? అక్కడ ఉన్నదిగదా!” అనెను. తరగతి నవ్వెను. నేను నవ్వలేదు. పెద్దపెద్ద సభలలో కోటుతొడిగినవారు చెప్పు వాదమును ఆ బాలుడు రెండు మాటలలో చెప్పెను. ఎలుకచెవులను గూర్చియు ఇదే ప్రశ్న వేయవచ్చును: దక్షిణమున పర్వతములనిండ నుండగా ఉత్తరపు కొసయందలి నాలుగు పేలికలకొఱకు ఇంత యల్లరి యేల?

నా అభిప్రాయము చెప్పెదను. ఆ ప్రశ్నలో సగము న్యాయమున్నది. అలాస్కా సంగతి తెలిసిన పిమ్మట 2003నాటి మాటనే పట్టుకొని, ఈ జాతి రేపో మాపో లోకమునుండియే పోవునని కేకలు వేయుట సత్యము కాదు. లెక్క మాఱినపుడు మాటయు మాఱవలెను. అట్లు మార్చినందున మొదటి లెక్కవారికి తలవంపు లేదు. వారు తమకు తెలిసినదానిని వ్రాసిరి. అదియు గాక, పట్టికలో నెక్కిన పిమ్మట నోవా స్కోషియాలో ఫర్ తోపులు, వానిని ఆనుకొనియున్న నాచుబురదనేలలు ఎచ్చటెచ్చట నున్నవో పటములపై గుర్తించి, ఆ గుర్తులు పట్టుకొని వెదకినవారికి మునుపు తెలియని క్రొత్తచోట్లు పెక్కు దొరకెను. భయమును కలిగించిన లెక్కయే వెదకుటకును కారణమైనది.

తక్కిన సగమును నేను ఒప్పుకొనను. గోదావరి నిండుగ పాఱుచున్నదని చెప్పిన మన యూరి బావి యెండినవాని దాహము తీఱునా? అలాస్కానుండి నోవా స్కోషియాకు వేలకొలది మైళ్ల దూరము. అచ్చటి చెట్టు వేఱు, గాలి వేఱు, మంచు వేఱు. ఇచ్చట పోయినదానిని అచ్చటినుండి తెచ్చి బెరడుకు అంటింపవచ్చునని ఎవరును హామీ ఇచ్చినవారు లేరు. అంతకంటె ముఖ్యమైన మాట మఱొకటి యున్నది. నోవా స్కోషియాలో అది చచ్చినది దేనివలన? ఒక కారణము గొడ్డలి. మఱొక కారణము కంటికి కనబడనిది. పడమటినున్న పారిశ్రామికదేశములందలి పొగగొట్టములనుండి లేచిన గంధకపు ఆవిరి గాలితో వచ్చి, వానతో కలిసి ఆమ్లమై కురిసెను. ఫర్ చెట్టు బెరడు సహజముగనే కొంచెము పులుసు. దానిపై ఆ వాన పడగా నీలహరితజీవి ముందుగా చచ్చును. నత్రజని తెచ్చువాడు చచ్చిన కాపురము ఎట్లు నిలుచును? 1991లో కెనడా, సంయుక్తరాష్ట్రములు గాలిని గూర్చి ఒడంబడిక చేసికొని గంధకపు పొగను చాలవఱకు తగ్గించినవి. అయినను ఏండ్లతరబడి నేలను బెరడును నానిన పులుపు ఒక్క వర్షఋతువులో పోదు. అనగా ఆ తీరమున లైకెను పోవుట అచ్చటి గాలినిగూర్చి పలికిన సాక్ష్యము. అలాస్కాలో సాక్షులు పలువు రున్నారని ఇచ్చటి సాక్షిని చంపుకొనవచ్చునా?

ఇక మందు సంగతి. ఇచ్చటనే జ్ఞాతుల భేదము పనికివచ్చును.

ఎలుకచెవులకు పొడి దూరము పోదు గనుక, ఉన్న చెట్టును, దాని చుట్టునున్న చెట్లను గట్టిగ కాపాడుట మొదటి పని. చుట్టు నఱికి నడుమ ఒక్క చెట్టును వదలిన గాలియు ఎండయు చొరబడి తేమ ఆఱిపోవును. అప్పుడు లైకెను ఎండి రాలును. ఈ జాతిని ఒక్కొక్క కాపురముగ కనిపెట్టవలెను. మనుష్యులే ఆ పొడిని మఱొక చెట్టునకు మోసికొనిపోవుటయు ఊహింపరాని పని కాదు. దంపతు లిద్దఱు అందులోనే యున్నారుగదా.

కంబళి లైకెనునకు అంతమాత్రము చాలదు. ఫర్ చెట్టు దీర్ఘాయువు గలది కాదు. అది ముదిసి పడినపుడు దానిపైనున్న లైకెనును పడి చచ్చును. కాబట్టి నేటి చెట్టు పడుసరికి ప్రక్కన రేపటి చెట్టు సిద్ధముగ నుండవలెను. దానిపై ఫ్రల్లేనియా సత్రము నెలకొని యుండవలెను. అనగా ఈ జాతిని కాపాడుట యనగా అడవియందలి వరుసను, తాతను తండ్రిని మనుమని, ఒక్కచోట కాపాడుట. న్యూఫౌండ్లండులో ఈ వరుసకు అడ్డుతగిలినది గొడ్డలి మాత్రమే కాదు. మూసు అను ఏనుగుపిల్లయంత దుప్పి ఆ ద్వీపమునకు సహజమైనది కాదు. 1878లోను, మరల 1904లోను మనుష్యులే వేటకును మాంసమునకును దానిని తెచ్చి విడిచిరి. 1904లో విడిచినవి నాలుగే. ద్వీపములోని తోడేళ్లు తరువాత కొన్ని దశాబ్దములలో అంతరించెను. ఆ దుప్పులు ఇప్పుడు వేలకువేలు. అవి ఫర్ మొక్కలను మేసివేయుటచేత తాతచెట్టు పడినచోట మనుమచెట్టు లేవదు. ఇది చాలదన్నట్లు, పరదేశమునుండి వచ్చిన గుల్లలేని నత్తలు కొన్ని ఆ తీరపు లైకెనులనే మేయుచున్నవి.

రక్షణ యనగా ఏమియు ముట్టక దండము పెట్టి నిలుచుటయే యని తలచువారికి ఈ సంగతి మింగుడుపడదు. న్యూఫౌండ్లండులో కంబళి లైకెనును కాపాడగోరువారు మూసు వేటను తగ్గింపుమని కాక హెచ్చింపుమని కోరవలసియుండును. నాకును అది ఇష్టమైన మాట కాదు. కాని నాలుగు దుప్పులను ఓడనుండి దింపిననాడు కర్తవ్యము మనుష్యుని భుజముమీద పడినది. దానిని ఇప్పుడు ప్రకృతిమీదకు నెట్టుట న్యాయము కాదు.

చెట్లు కొట్టి జీవించువారి మాట మఱచితి నని యెవరైన నందురేమో. మఱువలేదు. లైకెను ఉన్నదని తెలిసిన తోపు చుట్టు కొంతమేర విడిచిపెట్టుడని ఆజ్ఞ పుట్టినపుడు కంపెనీ మఱొక తోపునకు పోవును. ఆ దినము కూలి మాత్రము కూలివానికే పోవును. ఆ నష్టమును అతని నెత్తిన వేసి, తాము మాత్రము లైకెనులను ప్రేమించుచున్నామని చెప్పుకొనువారిని నేను గౌరవింపజాలను. ఆ తోపు దేశమంతటికి కావలసిన దైనచో దాని వెలయు దేశమంతయు ఇయ్యవలెను. ఇట్లు చేసినచోట కూలివాడే మొదటి కావలివాడగును. ప్రతిదినము ఆ చెట్ల నడుమ తిరుగువాడు అతడేకదా! ఎలుకచెవి యేదో కంబళి యేదో అతనికి ఒక్క పూటలో నేర్పవచ్చును. అంచున పొడి యున్నదా, పైన గిన్నె లున్నవా అని చూచిన చాలును. మా తొమ్మిదవ తరగతివారు రాతిపువ్వును మఱింత తక్కువ సేపటిలో వేఱుచేసిరి.

ఆ బాలుడు మరునాడు నాయొద్దకు వచ్చి, కంబళి లైకెనును మొదట ఎచ్చట కనుగొనిరని యడిగెను. న్యూ బ్రన్స్విక్ ప్రాంతమునకు చేరిన కాంపోబెల్లో యను చిన్నద్వీపమున, 1902లో, ఫార్లో యను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని చెట్టునుండి తీసెను. ఆ ముక్కను చూచియే 1911లో దానికి మొదటి పేరు పెట్టిరి. పటము తీసి చూపితిని. బాలుడు ఆ ద్వీపముపై వేలు పెట్టి, “ఇప్పుడును ఉన్నదాండి?” అనెను. లేదంటిని. ఆ ద్వీపములోనే కాదు, న్యూ బ్రన్స్విక్ అంతటను లేదు. అతడు వేలు తీయక కొంతసేపు అట్లే చూచి, అలాస్కా ఎచ్చటనో చూపుమని అడిగెను. పటములో అది మఱొక పుటలో నుండెను.